ఎవరి సబ్బు వాళ్ళకే

మొన్న మంగళవారం మధ్యాహ్నం అన్నం తింటూ ఉండగా ఫోన్ మోగింది. హుకుంపేట అవతల కొండ మీద నేను ఏఎన్ఎంగా పనిచేసిన రోజుల్లో నాతోపాటు ఊళ్ళు తిరిగిన ఆశా కార్యకర్త. సిగ్నల్ కోసం ఎక్కడో గట్టెక్కి మాట్లాడుతున్నట్టుంది, గాలి హోరు వినిపిస్తోంది.

"సిస్టరమ్మా, పై గూడెం ఆవిడ ఎల్లిపోనాది," అంది.

ఎలా పోయింది, ఎప్పుడు పోయింది అని అడగాలి కదా. నా నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"నీళ్ళు ఎవరు పోశారు?"

"ఎవులూ పొయ్యలేదమ్మా. ఆవిడే పోసీసుకుంది."

పొద్దున్నే ఒక్కర్తీ ఊరి కిందున్న గెడ్డకి వెళ్ళిందట. ఆ వాగులోనే తలారా స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, తడి జుట్టు విరబోసుకుని వచ్చి, వసారాలో చాప వేసుకుని పడుకుంది. కాఫీ తోటలకి వెళ్ళే ఆడవాళ్ళు పలకరిస్తే పలకలేదు. కబురు తెలిసి ఆశా, ఇంకో ఇద్దరూ నీళ్ళు కాచి పట్టుకెళ్ళారు.

"కాసిన నీల్లు కాసినట్టే ఉండిపోనాయి. తుడవడానికి ఒంటి మీద ఏటీ నేదు సిస్టరమ్మా. సెవుల ఎనక కూడా సుబ్బరంగా ఉంది. మాకు బయమేసింది."

నేను మిగతా అన్నం తినలేకపోయాను.

ఆవిడ పేరు నాకు తెలుసు. బీపీ రిజిస్టర్లో నా చేత్తోనే చాలాసార్లు రాశాను. ఇక్కడ మాత్రం రాయను. పేరు పెట్టి పిలిస్తే ఆవిడకి నచ్చేది కాదు. "నువ్వు పిలుత్తావు. నీల్లల్లో ఉన్నోలు కూడా ఇంటారు. ఇని ఆలు కూడా పిలవడం మొదలెడతారు," అనేది. అందుకే ఊళ్ళో అందరూ పై గూడెం ఆవిడ అనే అనేవారు. నేను మామ్మా అనేదాన్ని.

చనిపోయినవాళ్ళకి స్నానం చేయించడం ఆవిడ పని. అది ఆ కొండల ఆచారమని నేను అనను. అలాంటి ఆచారం ఉందని నాకెవరూ చెప్పలేదు. ఆవిడ ఒక్కదాని పద్ధతి అది. చుట్టుపక్కల మూడు నాలుగు ఊళ్ళలో ఎవరింట్లో ఎవరు పోయినా ఆవిడకి కబురు వెళ్ళేది. ఎప్పటి నుంచి అంటే ఎవరూ చెప్పలేకపోయేవారు. మా అమ్మకి కూడా ఆవిడే పోసింది అనేవాళ్ళు, డెబ్బయ్యేళ్ళ ముసలివాళ్ళు కూడా. అప్పుడు ఆవిడ వయసెంత ఉండాలి? నేను లెక్క వెయ్యడం మానేశాను.

ఆవిడని మొదటిసారి అంగన్‌వాడీ దగ్గర చూశాను. కొత్తగా పోస్టింగ్ వచ్చిన నెల. పిల్లలకి సబ్బుతో చేతులు ఎలా కడుక్కోవాలో చూపిస్తున్నాను. అరచేతులు, వేళ్ళ సందులు, గోళ్ళు, మణికట్లు. పిల్లలు నురగ చూసి నవ్వుతున్నారు. గోడ పక్కన ఒక ముసలామె పక్కకి తిరిగి నిలబడి ఉంది. ఆవిడ ఎప్పుడూ అలాగే నిలబడేది. ఎదురుగా నిలబడేది కాదు. ఒక భుజం గుమ్మానికి ఆనించి, ఎవరో లోపలికి వెళ్ళడానికి దారి ఇస్తున్నట్టు ఒదిగి ఉండేది.

అంతా అయ్యాక నా దగ్గరికొచ్చి, "సిస్టరమ్మా, సెవుల ఎనక సెప్పలేదేటి?" అంది.

"ఇది చేతులకే మామ్మా."

"సేతులు ఆలే కడుక్కుంతారు. సెవుల ఎనకే ఎవులికీ గుర్తుండదు. ఆకర్న నాకు మట్టి అక్కడే దొరుకుతాది."

నేను నవ్వాను. ఆఖరున అంటే ఏమిటో అప్పటికి నాకు తెలీదు. చెప్పింది ఆశాయే, ఆవిడ వెళ్ళాక.

ఆవిడ చేతులు మాత్రం నాకు ఆ రోజే కంటబడ్డాయి. చాలాసేపు నీళ్ళల్లో నానిన చేతుల్లా తెల్లగా పాలిపోయి, వేళ్ళ చివర్లు ముడతలు పడి ఉన్నాయి. ఏప్రిల్ ఎండల్లో చూసినా అలాగే ఉండేవి. చర్మవ్యాధి అనుకుని ఆయింట్‌మెంట్ ఇచ్చాను. ట్యూబు మూత కూడా తియ్యకుండా దాచుకుంది. పోనీ మంచి సబ్బుతో కడుక్కోమని ఒక సబ్బు ఇస్తే రెండు అడుగులు వెనక్కి వేసింది.

"నాకు సబ్బొద్దు. సబ్బుంటే అది నన్ను నేర్చీసుకుంతాది."

బూడిదతో తోముకునేది, గెడ్డలో మునిగేది. ఆవిడింట్లో సబ్బన్నదే లేదు. అయినా ఆవిడ పక్కన కూర్చుంటే రకరకాల సబ్బుల వాసన వేసేది. ఒకసారి వేపది, ఒకసారి నిమ్మది, ఒకసారి బట్టల సబ్బు ఘాటు. ఏ రోజు ఏ వాసన వస్తుందో చెప్పలేం.

ఆవిడ పని నేను మొదటిసారి చూసింది కింద వీధిలో ఒక రైతు పోయినప్పుడు. రాత్రెప్పుడో ప్రాణం పోయింది, తెల్లారాక చూశారు. నేను వెళ్ళేసరికి ఒళ్ళంతా కర్రలా బిగుసుకుపోయి ఉంది. పెరట్లో తడిక కట్టారు. నీళ్ళు కాగుతున్నాయి. ఆవిడ వచ్చి గుమ్మం పక్కన నిలబడి ఆ ఇంటి కోడలిని ఒక్కటే అడిగింది.

"సబ్బు ముక్కేదీ?"

కోడలు కొత్త సబ్బు కాగితం విప్పబోయింది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "ఆయన రాసుకున్నది."

వెతికారు. చూరు కింద కొబ్బరి చిప్పలో వేలెడంత నీలం బట్టల సబ్బు ముక్క దొరికింది. ఆయన ఒంటికీ బట్టకీ అదే వాడేవాడట. ఆవిడ దాన్ని వాసన చూసి, వేలితో దాని నడుము గుంటని తడిమింది. తరవాత నాకు చూపించింది.

"సూడు. ఎడమ సేత్తో రుద్దుకునేవోడు. సబ్బుకి ఒంటి దారులన్నీ తెలుసు. ఏ ఒంటి మీద అరిగితే ఆ ఒంటి లాగే తయారవుతాది. కొత్త సబ్బు రాసినామంటే ఆయనకి ఆయన తెల్దు. ఎవులికో పోసేత్తన్నారనుకుని ఇక్కడే ఉండిపోతాడు."

నన్ను తడిక లోపలికి రానిచ్చింది. సిస్టరమ్మని కదా, నాకు శవాలు కొత్త కాదు. ఆవిడ ఆయన తల దగ్గర కూర్చుని, చెవి దగ్గర నోరు పెట్టి, పసిపిల్లాడితో మాట్లాడినట్టు మెల్లగా మాట్లాడుతోంది. "సెయ్యెత్తు నాయనా. ఏటంత బిర్రబిగిసిపోనావు? సెయ్యెత్తు."

చెయ్యి లేచింది. ఆవిడ కింద నుంచి పట్టుకునే ఉంది, నేను కాదనను. గోరువెచ్చని నీళ్ళు పోసి రుద్దితే బిగిసిన కీళ్ళు సడలుతాయని నాకు తెలుసు. కానీ ఆవిడ ఇంకా రుద్దలేదు. అప్పటికి ఒక్క చెంబే పోసింది.

స్నానం అయ్యాక మిగిలిన సబ్బుని ఆయన పంచె, తువ్వాలు ఉతుకుతూ గెడ్డ దగ్గర అరగదీసేసింది. చిన్న పలుకు కూడా మిగల్లేదు. "మిగిలితే ఎవులో ఒకలు రాసీసుకుంతారు," అంది. రాసుకుంటే ఏమవుతుందని అడిగాను. ఆవిడ బట్టలు పిండుకుంది.

ఇదంతా చూసి వచ్చి మా అమ్మకి చెప్పాను. అమ్మ అప్పటికే నాతో వచ్చి ఉంటోంది. నాన్న పోయాక అన్నయ్య విజయనగరం రమ్మన్నాడు గానీ, పెళ్ళీ పెటాకులూ లేని కూతురు కొండ మీద ఒక్కర్తీ ఉంటోందని నా దగ్గరికే వచ్చేసింది. సబ్ సెంటర్ వెనక రెండు గదులు, చివర బాత్రూమ్. అమ్మ పిల్లలకి అక్షరాలు దిద్దించిన టీచరు, పదేళ్ళ క్రితం రిటైరైంది. ఎడమ చెయ్యి వణికేది. ఆ వణుకు కనపడకుండా కొంగులో దాచుకునేది.

సబ్బు విషయంలో అమ్మకి పట్టింపులు ఎక్కువ. గంధం సబ్బు తప్ప వాడేది కాదు. నీళ్ళల్లో నానకూడదని సీసా మూతలు రెండు బోర్లించి వాటి మీద నిలబెట్టేది. అరిగి ఆకులా పలచబడితే పారెయ్యదు. తడిగా ఉండగానే కొత్త సబ్బు మీద అదిమి అంటించేది. ఒక రోజు ఆరేసరికి రెండూ ఒకటైపోయేవి. "మన ఇంట్లో సబ్బు అయిపోవడం అంటూ ఉండదే," అనేది గొప్పగా. నిజంగానే, నా చిన్నప్పటి సబ్బు ఇంకా ఎక్కడో దాని లోపల ఉందేమో అనిపించేది.

పై గూడెం ఆవిడకీ అమ్మకీ స్నేహం కుదిరింది. మధ్యాహ్నాలు ఎండలో ఇద్దరూ మెట్ల మీద కూర్చునేవారు. అమ్మ టీ ఇస్తే ఆవిడ తాగేది. వెళ్ళేముందు అమ్మ కుడిచెయ్యి పట్టుకుని వాసన చూసి, "మంచి సబ్బు. బాగా తెలుత్తాది," అనేది. అమ్మ నవ్వేది. నాకు నవ్వొచ్చేది కాదు.

ఆ ఏడాది శ్రావణమాసంలో వాన పట్టుకుంది. సంతకి వెళ్ళే దారి లేదు. అమ్మ సబ్బు అరిగి ఆకైపోయింది. కొత్త గంధం సబ్బు లేదు. నా ఆకుపచ్చ సబ్బు అప్పుడే విప్పాను. అమ్మ పలుకుని దాని మీద నేనే అంటించాను. సంతకి వెళ్ళాక నీది నీకు తెస్తాలే అన్నాను. నాలుగు రోజులు ఇద్దరం అదే వాడుకున్నాం.

ఐదో రోజు పొద్దున్న అమ్మ కాఫీ కలుపుతూ పొయ్యి దగ్గరే ఒరిగిపోయింది. నేను పక్క గదిలోనే ఉన్నాను. గుండె. నేను చెయ్యవలసినవన్నీ చేశాను, ఎంతసేపు చేశానో తెలీదు. అన్నయ్యకి ఫోన్ ఒక్కసారి కలిసింది. బయల్దేరాడు. ఎస్.కోట దాటాక ఘాట్ రోడ్డు మీద కొండచరియ పడి బస్సులన్నీ ఆగిపోయాయి. రెండు రోజులు పడుతుందన్నారు. రెండు రోజులు ఉంచే వీలు లేదు.

ఆవిడకి కబురు పంపలేదు. ఆవిడే వచ్చింది. వానలో తడుస్తూ గుమ్మం పక్కన ఒదిగి నిలబడింది. నా మొహం చూడలేదు.

"సబ్బు ముక్కేదీ సిస్టరమ్మా?"

బాత్రూమ్‌లోకి వెళ్ళాను. సీసా మూతల మీద ఆ సబ్బు నిలబడి ఉంది. కింద ఆకుపచ్చ, పైన గంధం రంగు. ఆ గంధం పలుకు మీద అమ్మ తెల్ల వెంట్రుక ఒకటి సన్నగా అతుక్కుని ఉంది. అది తీసి ఆవిడకిస్తే, అమ్మ సగంతో పాటు నా సగం కూడా ఆ ఒంటి మీద అరిగిపోతుంది. అది ఒక భయం. ఇంకోటి భయం కాదు. ఆ వెంట్రుక నాకు కావాలి.

అల్మరాలో సబ్ సెంటర్ సబ్బులుంటాయి. ఒకటి విప్పి, బకెట్లో నాలుగుసార్లు రుద్ది, వాడినట్టు చేసి తెచ్చిచ్చాను.

"అమ్మదే," అన్నాను.

ఆవిడ వాసన చూసింది. నా వైపు తిరిగి మొదటిసారి సూటిగా చూసింది. లోపలికి వెళ్ళింది.

"సెయ్యెత్తమ్మా," అంది. అమ్మ పోయి మూడు గంటలే. ఒళ్ళు ఇంకా పూర్తిగా బిగుసుకోలేదు. "సెయ్యెత్తు తల్లీ. నానే కదా." చెయ్యి లేవలేదు. ఆవిడ రెండు చేతులతో ఎత్తబోయింది. నేలకి మేకు కొట్టినట్టు ఉండిపోయింది ఆ చెయ్యి. ఆఖరికి ఎక్కడ వీలైతే అక్కడే తుడిచి లేచింది. ఊళ్ళో మగవాళ్ళు వాన తెరిపిచ్చిన రెండు గంటల్లో పని ముగించారు. ఆవిడ వెళ్తూ, "ఈవిడికి దారి తెల్లేదు," అంది, నాతో కాదు, మెట్లతో చెప్తున్నట్టు.

అన్నయ్య మూడో రోజు వచ్చాడు. కర్మలు అయ్యాయి. వెళ్ళిపోయాడు. నేను డ్యూటీలో చేరాను.

నేను మొదట గమనించింది సబ్బునే. నేను రోజూ ఆ సబ్బే వాడుతున్నాను. నా ఆకుపచ్చ సగం అరుగుతోంది. అమ్మ సగం అరగడం లేదు. ఆకంత పలచగా అంటించిన పలుకు, పది రోజులకి బిస్కెట్టంత మందంగా ఉంది. నా కళ్ళే మోసం చేస్తున్నాయనుకున్నాను. పెన్నుతో గీత పెట్టి చూశాను. మర్నాడు గీత ఆకుపచ్చ వైపుకి జరిగి ఉంది.

ఫీల్డుకి వెళ్ళి మధ్యాహ్నం వచ్చేసరికి సబ్బు తడిగా ఉండేది. బాత్రూమ్ నేల మీద నీళ్ళు. ఆశాని అడిగితే, "నాను రాలేదమ్మా. ఇందాక లోపట నీల్ల సప్పుడు ఇన్నాను. మీరే ఉన్నారనుకున్నాను," అంది.

ఒక రోజు దారిలో ఒక పిల్ల నన్ను చూసి, "మామ్మా, బడికి పోతన్నాను," అంది. అమ్మని అలా పిలిచేవాళ్ళు పిల్లలు. తల్లి దాన్ని చెయ్యి పట్టి లాగేసింది. ఆ తల్లి కూడా నా మొహంలోకి ఒక క్షణం ఎక్కువగానే చూసింది. ఇంటికొచ్చి అద్దంలో చూసుకున్నాను. జుట్టు ముడి అమ్మ వేసుకున్నట్టు పక్కకి వేసి ఉంది. ఎప్పుడు వేశానో నాకు తెలీదు.

ఇవన్నీ దుఃఖంలో జరిగేవే. చదువుకున్నదాన్ని, నాకు తెలుసు. అమ్మ పోతే కొన్నాళ్ళు మనమే అమ్మలా అవుతాం. అలా సర్ది చెప్పుకున్నాను. చెప్పుకుంటూనే ఉన్నాను, నా ఎడమ చెయ్యి వణకడం మొదలయ్యేదాకా.

బుధవారం టీకాల రోజు. నెలన్నర పిల్లాడిని తల్లి ఒళ్ళో పెట్టుకుంది. ఎడమ చేత్తో తొడ కండ పట్టుకుని కుడి చేత్తో సూది వెయ్యాలి. వేల సార్లు చేసిన పని. ఆ రోజు నా ఎడమ చెయ్యి ఆ చిన్న తొడ మీద టపటపా కొట్టుకుంటోంది. ఆపుదామంటే ఆగదు. నా చెయ్యి కొంగు కోసం వెతుక్కుంటోంది, దాక్కోడానికి. నేను కట్టుకున్నది యూనిఫాం చీర, కొంగు పిన్ను పెట్టి ఉంది. ఆ తల్లి నా చెయ్యి వంక చూసింది. పిల్లాడిని మెల్లగా వెనక్కి తీసుకుని గుండెకి హత్తుకుంది.

"మల్లీ వారం వొత్తామమ్మా," అంది.

మళ్ళీ వారం ఎవరూ రాలేదు. ఆ పై వారమూ రాలేదు. ఇంటింటికీ తిరిగి బతిమాలాల్సిన దాన్ని, నేను ఆ గుమ్మాల ముందు నిలబడటానికే భయపడ్డాను. చేతికి మందులు వేసుకున్నాను. పాడేరు వెళ్ళి డాక్టరుకి చూపించాను. నరాల బలహీనత, కొన్నాళ్ళు సెలవు పెట్టమన్నారు. ఇంటికొచ్చి బాత్రూమ్‌లో సబ్బు చూశాను. ఆకుపచ్చ సగం గోరంత మందం మిగిలింది.

ఆ మర్నాడు మిట్టమధ్యాహ్నం పై గూడెం ఆవిడ వచ్చి మెట్ల మీద కూర్చుంది. నేను బయటికొచ్చాను. ఆవిడ తల తిప్పకుండానే అడిగింది.

"వొచ్చింది కూతురా, తల్లా?"

నేను జుట్టు ముడి తడుముకున్నాను, అది పక్కకే ఉంది.

"నీది ఎంతుందో సూపించు," అంది.

సబ్బు తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ ముట్టుకోలేదు. వంగి చూసింది. "బేగి రావాల్సింది నాను," అని తనలో తనే అనుకుంది.

"ఆకుపచ్చది అయిపోతే ఏమవుతుంది మామ్మా?"

"ఎందుకు అవ్వనిత్తాం? అమ్మ సీరలన్నీ మూట కట్టు."

తన చీర అంచు నుంచి ఒక దారం లాగింది. సంతలో బట్టల సబ్బు కోసినట్టు, ఆ దారాన్ని రెండు రంగుల మధ్య పెట్టి రెండు కొసలూ నా చేతికిచ్చింది. "నువ్వే లాగు. నాను లాగకూడదు." లాగాను. ఊడి వచ్చిన ఆకుపచ్చ రేకుని కాగితంలో చుట్టి నా జాకెట్లో పెట్టమంది. గంధం ముద్ద పట్టుకుని గెడ్డకి నడిచాం.

ఆరు చీరలు. వానలు తగ్గాయి గానీ గెడ్డ ఇంకా నిండుగానే ఉంది. ఆవిడ నన్ను రాయి ముందు కూర్చోబెట్టి తను పైన కూర్చుంది. ఒక్క చీరా ముట్టుకోలేదు.

"ఎడమ సేత్తో రుద్దు. గట్టిగా రుద్దు. మెల్లగా రుద్దితే ఇంకా ఉండమంటన్నావనుకుంతాది."

రుద్దాను. మొదటి చీర అయ్యేసరికి సబ్బు ఏమీ తగ్గలేదు. రెండో చీరకి చెయ్యి నొప్పెట్టింది. ఆవిడ మాట్లాడుతోంది, నాతో కాదు. మా ఇద్దరికీ అవతల, నీళ్ళ మధ్యలో ఒక చదును రాయి ఉంది. దాని వైపు తిరిగి మాట్లాడుతోంది. "ఇది నీ పెద్ద కొడుకు కొన్నదేటి? బాగుంది. ఇది పాతబడిపోనాది తల్లీ, అంచు సూడు." మధ్యలో ఆగి వినేది. తల ఊపేది. నేను ఆ రాయి వైపు చూడలేదు. చూడొద్దని ఆవిడ చెప్పలేదు. నాకే చూడబుద్ధి కాలేదు.

నాలుగో చీర దగ్గర సబ్బు కరగడం మొదలైంది. నురగ గంధం వాసనతో గెడ్డ కిందకి పోతోంది. ఇన్నాళ్ళ తరవాత అప్పుడు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే రుద్దాను. ఐదో చీర. ఆరోది అమ్మ పోయిన రోజు పొద్దున్న కట్టుకున్న చీర. సగానికి వచ్చేసరికి సబ్బు చిక్కుడు గింజంత అయింది. దాని మీద ఆ తెల్ల వెంట్రుక ఇంకా అలాగే ఉంది. ఎన్ని నీళ్ళు పోసినా ఊడలేదు.

గుప్పిట మూసేశాను.

"ఇది ఉంచుకుంటాను," అన్నాను. "ఇంతే. ఇంకేం అడగను."

ఆవిడ నా చెయ్యి పట్టుకోలేదు, లాక్కోలేదు. రాయి వైపు తిరిగింది. "ఓ తల్లీ, నీ కూతురు ఇవ్వనంతంది. ఏటి సెయ్యమంటావు?" అంది.

ఆవిడ వింటూ కూర్చుంది. నేను తల వంచుకుని నా గుప్పిట వంకే చూస్తున్నాను.

"చిన్నీ, చెయ్యి చాపు."

అమ్మ నన్ను చిన్నీ అని పిలవడం ఆవిడ వినే ఉంటుంది. అది కాదు. ఆవిడ నోట మాట మొదట్లో చ పలకదు. ఏడేళ్ళలో ఒక్కసారీ పలకలేదు. సెయ్యి, సూడు, సెప్పు, అంతే. ఇప్పుడు మూడు మాటల్లోనూ చ విడిగా, స్పష్టంగా, పలక మీద దిద్దించినట్టు పలికింది. గొంతు ఆవిడదే. పెదవులు కదిలాయో లేదో నేను చూడలేదు.

చెయ్యి చాపాను. వేళ్ళు విప్పాను. నీళ్ళు వచ్చి నా అరచెయ్యి మీంచి పోయాయి. ఆ నీళ్ళు కొండ నీళ్ళలా చల్లగా లేవు. కాచిన నీళ్ళలా గోరువెచ్చగా ఉన్నాయి. చూసేసరికి చేతిలో ఏమీ లేదు.

చీరలు పిండి, తడి మూట నెత్తిన పెట్టుకుని తిరిగొచ్చాం. ఆవిడ నా వెనక నడిచింది. ఆవిడ పాదాల చప్పుడు ఒక్కటే వినిపించిందా అని నన్ను ఎవరైనా అడిగితే నేను చెప్పను. సబ్ సెంటర్ మెట్ల దగ్గర, "మామ్మా, ఇందాక నువ్వేమన్నావు?" అని అడిగాను.

"నాను ఏటీ అన్లేదు సిస్టరమ్మా," అంది. "నాను ఇంతన్నాను." అలసిపోయి ఉంది. మొదటిసారి ఆవిడ నిజంగా ముసలిదానిలా కనిపించింది. టీ పెడతానన్నా ఆగకుండా గూడెం దారి పట్టింది.

మర్నాటికి నా చెయ్యి నిలకడగా ఉంది. ఆ వారం పిల్లాడి ఇంటికి నేనే వెళ్ళాను. ఆ తల్లి నా చెయ్యి పట్టుకుని కాసేపు చూసి, అప్పుడు పిల్లాడిని ఇచ్చింది. టీకా వేశాను. ఆ తరవాత నాలుగేళ్ళు అక్కడే పనిచేశాను. బదిలీ అయ్యేదాకా ఆవిడా నేనూ గెడ్డ గురించి మళ్ళీ మాట్లాడుకోలేదు.

అమ్మ పోయిన ఆ ఏడాదే, దీపావళి వెళ్ళాక అన్నయ్య వచ్చాడు. వదినకి, పిల్లకి చెరొకటి ఇస్తాను, అమ్మ చీరలు రెండు ఇవ్వవే అన్నాడు. ట్రంకు పెట్టె తెరిచి ముందు పెట్టాను. అన్నయ్య మోకాళ్ళ మీద కూర్చుని పై చీర తీసి మడత విప్పాడు. అమ్మకి ఆఖరి నీళ్ళు పోసేటప్పుడు తను లేడు. చరియకి అవతల ఆగిన బస్సులో కూర్చుని ఉండిపోయాడు. అప్పటి నుంచి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. చీర రెండు చేతులతో పట్టుకుని మొహం దాచుకున్నాడు. తరవాత ఇంకో చీర తీశాడు. ఆరూ అలాగే తీసి చూశాడు.

"అమ్మ వాసన లేదేంటే?" అన్నాడు.

"లేదన్నయ్యా," అన్నాను. "నేనే ఉతికేశాను."

తల ఎత్తి నా వంక కోపంగా చూశాడు. ఆ తడి లేని చీరల మధ్య కూలబడి, అమ్మ పోయిన ఇన్ని నెలలకి, మొదటిసారి గట్టిగా ఏడ్చాడు.